మైనం మీద గోటి గాటు

మా సుభానీ అంటే నాకు కుళ్లు. ఈ వయసులో ఆ మాట దాచుకుని ఎవరిని ఉద్ధరించాలి? దాచినా దాగేది కాదు. వాడి ఫొటో పేపర్లో పడిన రోజున నేను టీలో పంచదార ఎక్కువైందని పేచీ పెట్టుకుంటానట. మా ఆవిడ హబీబున్ అంటుంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తోంది కాబట్టి కాదనలేను. సన్నాయి పక్కన పెట్టేసి రిటైరయినా నొక్కులు మాత్రం మానలేదని కూడా అంటుంది. అదీ కాదనలేను.

సుభానీ మా చిన్నాన్న కొడుకు. నాకంటే కాస్త చిన్న. లోకం వాణ్ని స్వరకర్త అంటుంది. స్వరకర్త అంటే పాటలు కట్టేవాడనుకునేరు. వాడి సంగీతంలో పాట ఉండదు, పల్లవి ఉండదు, తాళం అసలే ఉండదు. ఐసు ఫ్యాక్టరీలు, కాలవ లాకులు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు, ఇవీ వాడి పక్కవాద్యాలు. ఎక్కడికి పిలిచినా ముందుగా వెళ్లి, అక్కడ ఒక కుర్చీ వేసుకుని రోజుల తరబడి ఊరికే కూర్చుంటాడు. కనపడినవాళ్లనల్లా "ఇక్కడ ఆగకుండా మోగేదేవిటండీ?" అని అడుగుతాడు. ప్రతి చోటుకీ ఒక శ్రుతి ఉంటుందట. అది ఎవరో పెట్టింది కాదట, దానంతట అది ఉండేదట. అది దొరికేదాకా ఒక్క స్వరం కూడా అనుకోకూడదట. దొరికాక వాద్యాలవాళ్లని పిలిచి, ఆ మోతకి దగ్గరగా, కలిసీ కలవకుండా, తలా ఒక్క స్వరం పట్టుకుని కూర్చోమంటాడు. అదే కచేరీ. మొదలెట్టడం ఉండదు, ముగించడం ఉండదు. దానికి దేశదేశాల నుంచి పిలుపులు, విమానం టిక్కెట్లు, శాలువాలు. నేను జీవితమంతా ఒక దేవస్థానంలో పొద్దుటి పూట భూపాలం, రాత్రి పూట నీలాంబరి వాయించి దేవుణ్ని లేపి, పడుకోబెట్టి రిటైరయ్యాను. నా ఫొటో మా ఇంట్లో హాల్లో తప్ప ఎక్కడా లేదు.

అలాంటివాడు మొన్న ఎండాకాలం గన్నవరంలో విమానం దిగి, తిన్నగా భవానీపురంలో మా ఇంటికొచ్చాడు. గడ్డం తెల్లబడింది, ఒళ్లు మాత్రం గట్టిగానే ఉంది. హబీబున్ చేతి సేమ్యా రెండోసారి వేయించుకుని తిన్నాడు, వదినని పొగిడాడు, మా మనవరాలి పేరు గుర్తుపెట్టుకుని మరీ అడిగాడు. ఇవన్నీ చేసేవాడి మీద కోపం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో అనుభవిస్తే తెలుస్తుంది. చేయి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుని, తాత వాడిన ఒత్తు ఇంకా ఉందా అని అడిగాడు. పాత రైసు మిల్లులో కచేరీ పెట్టుకున్నాడట, దానికి కావాలట. ఏ మిల్లు అని అడగకుండానే నాకు అర్థమైంది.

ఒత్తు అంటే ఈ కాలం వాళ్లకి తెలియకపోవచ్చు. సన్నాయి మేళంలో ముందు కూర్చునేది సన్నాయి. ఆ పక్కన తోడు సన్నాయి, డోలు. అందరికీ వెనక, పెళ్లివారికి కనపడని చోట కూర్చునేది ఒత్తు. చూడటానికి అదీ సన్నాయిలాగే ఉంటుంది. కానీ వేళ్లు ఆడించే రంధ్రాలుండవు. అడుగున మాత్రం కొన్ని బెజ్జాలుంటాయి, వాటిని మైనంతో మూసి శ్రుతి సరిచేస్తారు. ఆ తర్వాత అందులో పలికేది ఒకే ఒక్క స్వరం. మేళం మొదలైన దగ్గర్నుంచి మంగళం పాడేదాకా ఆ స్వరం ఆగకూడదు. ఊదేవాడు ముక్కుతో గాలి పీలుస్తూనే, బుగ్గల్లో దాచుకున్న గాలిని నోటితో వదులుతూ ఉండాలి. ఇంట్లో ఎవడికి వేళ్లు ఆడవో, ఎవడికి రాగం ఎక్కదో వాడి చేతికి ఒత్తిచ్చి వెనక కూర్చోబెట్టేవాళ్లు. మా ఇంట్లో వాడు సుభానీ. ముందు కూర్చోవలసినవాణ్ని నేను.

ఆ ఇల్లు కంకిపాడు దాటాక కాలవ దిగువన ఉండేది. మా తాత పొద్దున్నే నమాజు చేసుకుని, రాములవారి గుడిలో మేలుకొలుపుకి వెళ్లేవాడు. ఆ రోజుకి మొదటి స్వరం సన్నాయిలో పలికేదాకా నోటితో మాట్లాడేవాడు కాదు. నీళ్లు కావాలన్నా, తువ్వాలు కావాలన్నా సైగే. నాయనమ్మకి ఆ సైగలన్నీ కంఠతా వచ్చు. ఒక్కోసారి ఆవిడ కావాలనే అర్థం కానట్టు చెంబు అడిగితే చేట తెచ్చిచ్చేది. తాత కళ్లెర్రజేసేవాడు గానీ నోరు తెరిచేవాడు కాదు. ఆవిడకి మొగుణ్ని ఏడిపించే అవకాశం రోజు మొత్తంలో ఆ కాసేపే. పెళ్లిళ్ల రోజుల్లో ఇంట్లో చింతపండు ముట్టుకునేవాళ్లు కాదు, పులుపు తింటే పెదవి బిగుస్తుందని. మాఘమాసం వచ్చిందంటే పెసరపప్పు, నెయ్యి, మిరియాల చారు. పిల్లలం పులుసు కోసం మొహం వాచిపోయి, పక్కింటి కమ్మవారి వంటింటి గుమ్మంలో పిల్లుల్లా తచ్చాడేవాళ్లం. ఆ ఇంటావిడ నవ్వుకుంటూ మా అరచేతుల్లో గోంగూర ముద్దలు పెట్టి, మీ తాతకి చెప్పకండిరా అనేది. వాసన చూసి తాత కనిపెట్టేసేవాడు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. సన్నాయికి పెట్టే పీకలు తమిళదేశం నుంచి వచ్చేవి, ఒక రకం గడ్డితో చేసినవి. వాటిని నీళ్లలో నానబెడితే తడిసిన వరిగడ్డి వాసన. కొయ్యకి పట్టించే కొబ్బరినూనె వాసన. సాయంత్రం నాయనమ్మ వేసే సాంబ్రాణి. వీటన్నిటి మీదా, కోతల రోజుల్లో కాలవ అవతలి నుంచి ఉడికిన వడ్ల వాసన. తాత సన్నాయికి పీకలన్నీ ఒక దారానికి గుత్తిగా కట్టి వేలాడుతుండేవి, వాటి మధ్యన పీకలు సవరించే ఒక దంతపు పుల్ల. ఒకరి పీక ఇంకొకరు నోట పెట్టరు. తాత తన గుత్తిలోంచి పీక తీసి ఎవరికైనా ఇచ్చాడంటే, తన తర్వాత ముందు కూర్చునేది వాడే అని అర్థం. అది నోటితో చెప్పే మాట కాదు.

గాలి సాధనకి మాకు బొప్పాయి ఆకు కాడలు ఇచ్చేవాడు. బోలుగా ఉండే ఆ కాడని నీళ్ల చెంబులో పెట్టి ఊదాలి. బుడగలు ఆగకూడదు. ఊపిరి ముక్కుతో పీల్చుకోవాలి గానీ బుడగలు ఆగితే ఆ పూటకి ఉప్మాలో మన వాటా పక్కవాడిది. నా బుడగలు ఆగేవి. నిజం చెప్పాలంటే చాలాసార్లు ఆగాయి. సుభానీవి ఆగేవి కాదు. వాడు కళ్లు సగం మూసుకుని, మొహం చెంబు మీదికి వంచి, ఆ బుడబుడ వింటూ అలాగే ఉండిపోయేవాడు. ఉప్మా చల్లారిపోయినా వాడికి పట్టేది కాదు. నా వాటా కూడా వాడికొచ్చిందని నేను ఉడుక్కుంటుంటే, వాడు అసలు తినడానికే లేచేవాడు కాదు. నా కుళ్లు అక్కడే మొదలైందేమో. సరిగమలు చెబితే మాత్రం వాడికి ఒక్కటీ నిలిచేది కాదు. మాయామాళవగౌళ మొదలెట్టి ఎక్కడెక్కడో తిరిగి ఏ ఊరో తెలియని ఊళ్లో దిగేవాడు. తాత తల కొట్టుకునేవాడు. లాకుల దగ్గరికి పంపిస్తే ఇనుప తలుపుకి చెవి ఆనించి నిలబడేవాడు. కరెంటు స్తంభాలకి చెవి ఆనించి నాయనమ్మ చేత తన్నులు తిన్నాడు. వీడు బాగుపడడని మా ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం మీద నేను చాలా ఏళ్లు హాయిగా నిద్రపోయాను.

ఆ ఏడు మాఘమాసంలో మా పక్క ఊరి రైసు మిల్లు ఆసామి గారి అమ్మాయి పెళ్లి. వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం మీదే పందిరి వేశారు. శుభకార్యం జరిగే రోజున మిల్లు ఆగకూడదని ఆ ఆసామికి ఒక నమ్మకం. లోపల మోటారు తిరుగుతూనే ఉంది. తాతకి అది నచ్చలేదు గానీ, ఆసామి పెద్ద రసికుడు, మా ఇంటికి తరతరాల పోషకుడు, కాదనలేకపోయాడు. పెళ్లికి ముందు రోజు సాయంత్రం తాత గుత్తిలోంచి ఒక పీక విప్పి నా చేతిలో పెట్టాడు. ముహూర్తానికి ముందు కల్యాణి రాగం నన్ను వాయించమన్నాడు. నాయనమ్మ నాకు పప్పులో నెయ్యి మామూలుకంటే ఎక్కువ పోసింది. మా నాయన డోలు వాయించేవాడు, ఆయన తన డోలుకి కొత్త తాడు బిగించుకున్నాడు. ఆ పీకని నేను చొక్కా జేబులో పెట్టుకుని, అది ఉందో లేదో అని తడుముకుంటూ పడుకున్నాను.

కల్యాణి బాగానే ఎత్తుకున్నాను. అంతకుముందు ఎన్నడూ అలా పలకలేదు నాకు. కింది స్వరాల్లో నిదానంగా తిరిగి, పంచమం మీద నిలబడి, పైకి వెళ్లాను. ముందు వరసలో ఆసామి గారు తల ఊపుతున్నారు. పై షడ్జం అందుకుని దాని మీద నిలబడ్డాను. అప్పుడు తెలిసింది ఏదో తేడాగా ఉందని. నేను నిలబడిన చోటే నిలబడ్డాను, నేల జరిగినట్టుంది. ఒత్తు ఒక్క పిసరు పైకి వెళ్లింది. నా సన్నాయి స్వరం కిందే ఉండిపోయింది. నేను గట్టిగా ఊదాను, ఇంకా అసహ్యంగా వినపడింది. ఆసామి గారి తల ఆగిపోయింది. మా నాయన డోలు మీద చేయి అలాగే పెట్టి నా వైపు చూశాడు. ఇంతలో తాత తన సన్నాయి అందుకుని, ఒక్క ఊపిరిలో ఆ కొత్త శ్రుతికి సర్దుకుని, కల్యాణిని నా చేతుల్లోంచి తీసుకుపోయాడు. అంతా ఎంతసేపని? గట్టిమేళం వేళకి అంతా సర్దుకుంది. మంగళం కూడా అయిపోయింది. సన్నాయిలు కింద పెట్టేశాం. ఒత్తు మాత్రం వెనకాల మోగుతూనే ఉంది. తిరిగి చూస్తే సుభానీ కళ్లు సగం మూసుకుని, బుగ్గలు పొంగించి, ఊదుతూనే ఉన్నాడు. తాత వెళ్లి నెత్తిన మొట్టేదాకా ఆపలేదు. పెళ్లివారు నవ్వారు.

ఎడ్లబండి దగ్గర తాత నా ముందు చేయి చాపాడు. నేను పీక తీసి ఆ చేతిలో పెట్టాను. నా తప్పు కాదు తాతా, ఒత్తు జరిగింది అన్నాను.

"శ్రుతి జరిగితే నువ్వూ జరగాలిగా," అన్నాడు.

అంతే. మర్నాడు ఒత్తుని పాత లుంగీలో చుట్టి తనే అటకెక్కించాడు. తిత్తితో పనిచేసే శ్రుతి పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. సుభానీని మేళంలోంచి తీసేసి, విజయవాడలో ఎవరో రేడియోలు బాగుచేసే మేనమామ దగ్గర పెట్టాడు. వాడి చదువు, టేపురికార్డర్లు, హైదరాబాదు, ఆ తర్వాత దేశాలు పట్టుకు తిరగడం, అన్నీ అక్కడి నుంచే. తాత ఉన్నంతకాలం నేను తోడు సన్నాయిగానే ఉండిపోయాను. గుత్తి మళ్లీ విప్పలేదు ఆయన. మా వాళ్లలో, అంటే ఇటు హనుమాన్ జంక్షన్ దాకా ఉన్న సన్నాయి ఇళ్లన్నిటిలో, నాకొక పేరు స్థిరపడిపోయింది: శ్రుతి తప్పిన మస్తాను. దేవస్థానంలో ఉద్యోగం వచ్చిన రోజున కూడా అభినందించడానికొచ్చిన ఒకాయన ఆ పేరుతోనే పిలిచాడు, ప్రేమగానే.

ఇప్పుడు నా కడుపు ఎందుకు మండుతుందో చెబుతాను. సుభానీ ఎక్కడ మాట్లాడినా, తన సంగీతం ఎలా పుట్టిందని అడిగితే, ఈ పెళ్లి కథే చెబుతాడు. చిన్నప్పుడు ఒక పెళ్లిలో ఒత్తు ఊదుతుంటే రైసు మిల్లు మోత వినపడిందట. ఒత్తు దానికి దగ్గరగా వెళ్లేసరికి రెండిటి మధ్యా ఒక ఊపు పుట్టిందట. ఎవరూ వాయించనిది, ఎవరికీ చెందనిది. ఆ రోజే తను పుట్టానంటాడు. వాడు పుట్టిన రోజే నేను పోయిన రోజు. ఆ కథలో నేను ఉంటాను, ఉండకపోను. "మా అన్నయ్య ఒకాయన ముందు కూర్చుని వాయిస్తున్నాడు" అంటాడు. ఒకాయన.

వాడు అడిగిన మర్నాడు అటక మీంచి మూట దింపించాను. లుంగీ చీకిపోయింది, ఒత్తు మాత్రం చెక్కుచెదరలేదు. తడిగుడ్డతో తుడుస్తుంటే అడుగు బెజ్జాల మీద చేయి ఆగింది. తాత మైనం పెట్టే పద్ధతి నాకు బాగా తెలుసు. దీపం మీద వెచ్చజేసి, బొటనవేలితో నున్నగా అద్దేవాడు, పైకి ఉబ్బు కూడా కనపడేది కాదు. అన్ని బెజ్జాలూ అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని మైనం సగం లేదు. అంచున, సన్నగా, నెలవంకలాగా ఒక గాటు. చిన్న పిల్లవాడి గోరంత. ఇన్నేళ్లూ నేను వాడి ఊపిరి చెదిరిందనుకున్నాను. పిల్లవాడు, అలిసిపోయి ఉంటాడు, పోనీలే అనుకుని క్షమించినట్టు నటిస్తూ వచ్చాను. ఊపిరి చెదరలేదు. గీకాడు.

సాయంత్రం వాడొచ్చాడు. వరండాలో కూర్చోబెట్టి, ఒత్తు తిప్పి ఆ బెజ్జం చూపించి, ఇదేవిటని అడిగాను. వాడు కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు. తడుముకోలేదు.

"గోరుతో గీకాను అన్నా. మిల్లు కాస్త పైనుంది, అందలేదు."

"ముందు నేను వాయిస్తున్నానని తెలియదా నీకు?"

"తెలుసు. నువ్వు బాగానే వాయిస్తున్నావు." ఆ గాటుని వేలితో తడిమాడు. "అది ఇంకా బాగుంది."

చెంప పగలగొట్టాలనిపించింది. అబద్ధమాడి ఉంటే పగలగొట్టేవాణ్నే. తప్పు అనిపించలేదా అని అడిగితే, తప్పే అన్నాడు. ఆ పూట మళ్లీ వస్తే మళ్లీ గీకుతానని కూడా అన్నాడు. హబీబున్ లోపలి నుంచి టీ తెచ్చి ఇద్దరి మొహాలూ చూసి, కప్పులు అక్కడ పెట్టి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. నేను ఒకటే అడిగాను. ఆ పెళ్లిలో శ్రుతి తప్పింది నేను కాదని, ఆ మిల్లులోనే, జనం ముందు, నా పేరు పెట్టి చెప్పమన్నాను. చెబుతానన్నాడు. అయితే ఒత్తు నన్ను ఊదమన్నాడు. ముక్కుతో గాలి తీస్తూ ఆపకుండా ఊదగలిగేవాళ్లు ఈ చుట్టుపక్కల ఇప్పుడెవరున్నారన్నా, నువ్వు తప్ప అన్నాడు. అది నన్ను ఉబ్బేయడమని తెలుస్తూనే ఉంది. అయినా ఉబ్బాను. ముందు కూర్చోవలసినవాణ్ని వెనక కూర్చోబెడుతున్నాడని రాత్రికి గానీ తట్టలేదు. అప్పటికే ఒప్పేసుకున్నాను.

ఆ మిల్లు మూతపడి చాలా కాలమైంది. గోడల నిండా తవుడు వాసన మాత్రం అలాగే ఉంది. సుభానీ ఎవరినో పట్టుకుని మోటారు బాగుచేయించాడు. జనరేటరు వద్దన్నాడు, దాని మోత వేరే శ్రుతి అట. ఈసారి ఒత్తు తప్ప వేరే వాద్యాలూ వద్దన్నాడు. ఆ సాయంత్రం విజయవాడ నుంచి కార్లలో జనం వచ్చారు, ఖాదీ చీరలవాళ్లు, గడ్డాల కుర్రవాళ్లు, కంకిపాడు నుంచి వింత చూడటానికొచ్చినవాళ్లు. వాడు ముందు ఒక్క మాటా మాట్లాడలేదు. మోటారు వేయించాడు. నాకు తలూపాడు. నేను కొత్త పీక పెట్టుకుని ఊదాను. మైనం నేను ముట్టుకోలేదు. తాత కట్టేసిన మూటలో ఆ ఒత్తు ఇన్నేళ్లూ ఆ మిల్లు శ్రుతిలోనే పడుకుని ఉందన్న సంగతి అప్పుడు తెలిసింది. ఊదీ ఊదగానే దాని స్వరం మోటారు మోత పక్కకి వెళ్లి నిలబడింది.

ఏదో ఊగుతున్నట్టుంది. నేను పట్టించుకోలేదు. నా ధ్యాసంతా ఊపిరి మీద, బుగ్గల మీద, ముందు వరసలో ఎవరు చూస్తున్నారన్న దాని మీద. ఎప్పుడైపోతుందా, వాడు ఎప్పుడు నా పేరు చెబుతాడా అని లెక్కలేసుకుంటున్నాను. అంతలో కరెంటు పోయింది.

మన ఊళ్లలో పోకుండా ఉంటుందా? దీపాలు ఆరిపోయాయి, కిటికీల్లోంచి సాయంకాలపు వెలుతురు మాత్రం మిగిలింది. మోటారు ఒక్కసారిగా ఆగదు, నీరసిస్తూ, మూలుగుతూ, కిందికి కిందికి జారిపోయింది. జనం అటూ ఇటూ చూశారు. ఆపేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. నేను ఆపేస్తే వాడి కచేరీ అక్కడితో సరి. లెక్క సరిపోతుంది. కానీ బొప్పాయి కాడలు ఊదిన ముక్కూ బుగ్గలూ నా మాట వినలేదు. ఒత్తు ఆగకూడదు, అంతే. ఊదుతూ పోయాను. ఆ పెద్ద కొట్టులో నేనొక్కణ్నే, ఒక్క స్వరం. జనమంతా నా వైపు తిరిగారు. సుభానీ మాత్రం కళ్లు సగం మూసుకుని, తల వంచుకుని వింటున్నాడు. అందరూ నన్నే వినడం అనేది నాకు ఆ వయసులో రావలసింది, ఈ వయసులో, ఒక్క స్వరానికి వచ్చింది.

తర్వాత కరెంటు వచ్చింది. మోటారు అడుగు నుంచి లేచి పైకి రావడం మొదలుపెట్టింది. నేను ఎక్కడున్నానో వెతుక్కుంటూ వస్తున్నట్టుంది. దగ్గరికొచ్చేసరికి గాలంతా గబగబా అదిరింది. ఇంకా దగ్గరికొస్తే ఆ అదురు నెమ్మదించింది, ఉయ్యాల్లో పిల్లని ఊపినట్టు ఊగింది, ఇంకా నెమ్మదించింది. అది నాది కాదు, మోటారుది కాదు. నా పళ్లలో, పక్కటెముకల్లో, కింద సిమెంటులో ఊగుతోంది. ముందు వరసలో ఎవరున్నారో నాకు తెలియలేదు. కళ్లు మూసుకున్నానట, తర్వాత హబీబున్ చెప్పింది. మోటారు ఆపేశాక కూడా నేను ఊదుతూనే ఉన్నానట. సుభానీ వచ్చి భుజం మీద చేయి వేశాడు. మొట్టలేదు.

అప్పుడు వాడు మాట నిలబెట్టుకున్నాడు. "ఇక్కడే ఒక పెళ్లిలో మా అన్న షేక్ మస్తాన్ గారు శ్రుతి తప్పారని అందరూ అనుకున్నారు. తప్పించింది నేను," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎంత వినయం, ఎంత పెద్ద మనసు అని వాణ్నే మెచ్చుకున్నారు. నేను ఎవరి కోసం ఆ మాట చెప్పించానో వాళ్లలో ఒక్కరూ అక్కడ లేరు. తాత లేడు, నాయన లేడు, ఆసామి గారు లేరు, నాకు పేరు పెట్టిన సన్నాయి ఇళ్లవాళ్లు చాలామంది లేరు. ఆ రోజు పెళ్లికూతురు మాత్రం వచ్చింది, ఇప్పుడు ఆవిడకి మునిమనవలు. వెళ్లి నమస్కారం పెట్టి, గుర్తుందా అమ్మా అని అడిగాను.

"సన్నాయి ఎవరు విన్నారండీ బాబూ," అంది నవ్వుతూ. "పట్టుచీర, ఉక్క, పైన పూలజడ. ఎప్పుడైపోతుందా అని చూశాను."

నేనూ నవ్వాను. ఏం చేస్తాను? జీవితమంతా మోసిన పేరు. ఎవరి పెళ్లి పాడు చేశాననుకున్నానో ఆవిడకే తెలియదు. కరెంటు పోయినప్పుడు వచ్చిన ఆ ఖాళీ గురించి మర్నాడు ఒక పేపర్లో రాశారు, స్వరకర్త గొప్ప సాహసమని. ఆ పూట టీలో పంచదార ఎక్కువైంది.

వెళ్లేటప్పుడు సుభానీ ఒత్తు అడిగాడు, ఎక్కడో అద్దాల బీరువాలో పెడతారట. ఇవ్వనన్నాను. వాడు బతిమాలలేదు. ఇప్పుడు పెళ్లిళ్లలో మేళం లేదు, డీజే ఉంది. ఎక్కడన్నా సన్నాయి పెట్టించినా శ్రుతి ఫోన్లో ఉంది, వెనక కూర్చోబెట్టడానికి ఏ పిల్లవాడూ అక్కర్లేదు. నా దగ్గర సన్నాయి నేర్చుకునే కుర్రాళ్లిద్దరూ ఆ ఫోనుకి పక్కా శ్రుతిలో వాయిస్తారు. అది ఎప్పుడూ జరగదు, వాళ్లూ ఎప్పుడూ జరగరు. వాళ్లు వెళ్లిపోయాక నేను ఒత్తు తీసుకుని వంటింట్లోకి వెళతాను. మా ఫ్రిజ్‌కి ఒక మోత ఉంది, పాతది కదా. పీట వేసుకుని దాని పక్కన కూర్చుని, పెదవి బిగించీ వదులు చేసీ ఆ మోతని వెతుక్కుంటాను. హబీబున్ కూరలు తరుక్కుంటూ విసుక్కుంటుంది, ఆవిడకి తెలుసు నేను లేవనని. ఒక్కోసారి దొరుకుతుంది. దొరికినప్పుడు ఆ ఊపు మెల్లగా మొదలై, గిన్నెల అల్మైరాలో గాజు గ్లాసులు కూడా వినీవినపడకుండా అదురుతాయి.

అప్పుడు మళ్లీ కుళ్లు పుడుతుంది నాకు. వాడి పేరు మీద కాదు, శాలువాల మీద కాదు. ఆ పెళ్లి పందిట్లో నా వీపు వెనకాల కూర్చుని, ఈ ఊపుని ఇన్నేళ్లూ వాడొక్కడే విన్నాడు.